చామంతి అనుకుని నీళ్లు పోస్తున్నారా?

తొలకరి పడగానే మనం వేయని మొక్కలు కుండీల్లో బోలెడు లేస్తాయి. "దానంతటదే వచ్చింది, ఉండనిద్దాం" అనుకుంటాం. పచ్చని మొక్కని పీకాలంటే మనకి చేతులు రావు కదా! కానీ అదేమిటో తెలుసుకున్నాకే ఉంచండి. చామంతిలా ముచ్చటగా కనిపించే వయ్యారిభామతో మరీ జాగ్రత్త. దీన్నే కాంగ్రెస్ గడ్డి అంటారు.

దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1950ల్లో పూణేలో కనబడ్డాక దేశమంతా పాకింది. దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. బెజవాడలో ఖాళీ స్థలాల్లో, కాలువ గట్ల మీద ఇదే. మనం తెప్పించుకునే మట్టితో, పశువుల ఎరువుతో దీని విత్తనాలు పెరట్లోకి వస్తాయి.

గుర్తుపట్టడం ఇలాగ:

* లేతప్పుడు ఆకులు నేలకి అంటుకుని గుండ్రంగా పరుచుకుంటాయి. కేరట్ ఆకులా సన్నని చీలికలుంటాయి. చామంతి ఆకు మందంగా, చీలికలు వెడల్పుగా ఉంటుంది.
* ఎదిగాక కాడ మీద నిలువు గీతలు, సన్నని నూగు కనిపిస్తాయి.
* పువ్వులు తెల్లగా, మిరియపు గింజంత, గుత్తులుగా పూస్తాయి.

వాసన చూద్దామని ఆకు నలపకండి. ఇది తగిలితే కొందరికి చేతులు, మెడ, కనురెప్పల మీద దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడితో తుమ్ములు, ఆయాసం కూడా. మా వీధిలో ఒకావిడ చేతులు దురదలని సబ్బు మార్చింది, గిన్నెల పొడి మార్చింది. కారణం చూస్తే ఆవిడ రోజూ నీళ్లు పోసే కుండీలోనే ఉంది! డాక్టరు దగ్గరికెళ్తే ఈ మొక్క సంగతి తప్పక చెప్పండి. గేదెలున్నవాళ్లూ గమనించండి, ఇది మేస్తే పాలు చేదెక్కుతాయి.

పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకేయండి. చేతి తొడుగులు లేకపోతే ప్లాస్టిక్ సంచీ తొడుక్కోండి. ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది, అందుకని పూసినదాన్ని ఎరువు గుంటలో వేయకండి. ఖాళీ స్థలాల్లో గాఢమైన ఉప్పునీళ్లు చల్లి చంపుతారు గానీ, కుండీల్లో ఆ పని చేస్తే మట్టే పాడవుతుంది.

ఏ మొక్కయినా అనుమానముంటే ఆకు, కాడ, పువ్వు విడివిడిగా ఫోటోలు తీసి ఘంటసాల, గరికపాడుల్లోని కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్లకి చూపించండి. పేరు తెలిసేదాకా పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. పప్పులో మాత్రం అసలే వేయకండి!