ఆచార్య పదవిలో ఆటల శిక్షకుడు

కళాశాలలో ఆటలు నేర్పే వ్యక్తి స్థానమేమిటి? అధ్యాపకుల సరసన కూర్చోదగినవాడా, లేక మైదానంలో ఈల వేసి వెళ్లిపోవలసినవాడా? ఈ ప్రశ్నకు అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం 1892లోనే ఒక సమాధానమిచ్చింది. ఎమాస్ అలాంజో స్టాగ్ అనే ముప్పయ్యేళ్ల యువకుణ్ణి ఫుట్‌బాల్ శిక్షకుడుగానే గాక, అధ్యాపక హోదాతో, ఉద్యోగ భద్రతతో నియమించింది.

అమెరికా ఫుట్‌బాల్ మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేతబట్టుకొని, ఎదుటివారిని ఢీకొంటూ ముందుకు సాగే మొరటు ఆట అది. 1905లో ఆ ఆటవల్ల సంభవించిన మరణాలు అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌ను సైతం కలవరపరచాయి. అటువంటి ఆటకు స్టాగ్ వంటివాడు దొరకడం విశేషమే. ఆయన యేల్‌లో మతబోధకుడు కావాలని చదివి, తనకు వక్తృత్వం లేదని ఆ మార్గం విడిచినవాడు. అక్కడ తనకు పాఠం చెప్పిన విలియం రెయినీ హార్పరే చికాగోకు తొలి అధ్యక్షుడై ఆయనను పిలిపించాడు.

ఆ నియామకం సరియైనదేనని నా అభిప్రాయం. గెలుపు మీదనే జీతం ఆధారపడిన శిక్షకుడు విద్యార్థికి గెలవడం తప్ప మరేమీ నేర్పలేడు. స్టాగ్ 41 సంవత్సరాలు చికాగోలో నిలిచాడంటే, ఓడిన ఏడాది కూడా ఆయన కుర్చీ కదలకపోవడమే అందుకు ముఖ్యకారణం.

అయితే కుర్చీ ఒక్కటే చాలలేదు. కొత్త విశ్వవిద్యాలయానికి పేరు తేవాలన్న ఆరాటం హార్పర్‌కూ ఉన్నది. 1905లో చికాగో జట్టు 2–0తో మిషిగన్‌ను ఓడించి, 56 ఆటలుగా సాగిన దాని అపరాజిత యాత్రను ఆపింది. ఆనాటి కథానాయకుడు వాల్టర్ ఎకర్సాల్. ఊరంతా కీర్తించిన ఆ యువకుడు పట్టా లేకుండానే విశ్వవిద్యాలయం విడిచాడు. పొగ, మద్యం దరిచేరనీయని నియమశీలి స్టాగ్. ఆయన స్వయంగా ఆచార్యుడు. ఆ ఆచార్యుని అండలోనే ఒక విద్యార్థి చదువు అలా ముగిసింది. ఇందులో ఆయనకు బాధ్యత లేదని అభిమానులు వాదించవచ్చు గాని, నేను అంగీకరించలేను. ఆటల శిక్షకుడికి ఆచార్య పదవి ఇస్తే, ఆచార్యుని బాధ్యతను కూడా అడిగి తీరాలి.

1932లో, డెబ్బయ్యేళ్ల నియమాన్ని చూపి, అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ ఆయనను శిక్షక పదవినుండి విరమింపజేశాడు. ఇక్కడ మాత్రం నా సానుభూతి స్టాగ్ పక్షమే. ఆయన విశ్రాంతి కోరలేదు. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌కు పోయి, పసిఫిక్ కళాశాల అనే చిన్న సంస్థలో చేరాడు. 1938లో ఆ జట్టుతోనే చికాగోకు తిరిగివచ్చి, తన పేరే పెట్టిన మైదానంలో పాత జట్టును 32–0తో ఓడించాడు! 1943లో, ఎనభై ఒకటవ ఏట, తోటి శిక్షకులు ఆయనను ఆ ఏటి ఉత్తమ శిక్షకుడుగా ఎన్నుకున్నారు.

చికాగో మాత్రం 1939లో ఆ ఆటనే రద్దు చేసింది. ఖాళీపడిన స్టాగ్ మైదానపు ప్రేక్షక వేదిక కింద, 1942 డిసెంబరు 2న, ఎన్రికో ఫెర్మీ బృందం తొలి నియంత్రిత అణు శృంఖల చర్యను సాధించింది. స్టాగ్ అప్పటికి స్టాక్టన్‌లో కుర్రవాళ్లకు బంతి పట్టడం నేర్పుతూనే ఉన్నాడు. 1965లో, 102 ఏళ్ల వయస్సులో, ఆ ఊళ్లోనే కన్నుమూశాడు.