గరక బతకాలంటే చెట్టు కొయ్యాలె

పోయిన నెల తులసి గురించి రాసిన గదా. అది చదివిన ఒక అక్క మా ఇంటామెకు బీడీ బ్రాంచిల కలిసిందట. వాళ్లు కుంభారి ఘర్కుల్‌ల ఉంటరు. "ఇంటి ముందు గరక మంచిగ పరుచుకున్నది, కని చెట్ల కింద మాత్రం పసుపుపచ్చగయ్యి చస్తున్నది. ఏం ఎరువు ఎయ్యాలెనో అన్నను అడుగు" అన్నదట.

ఎరువు వద్దు అక్కా. చెట్లు కొయ్యాలె.

గరకకు నీళ్లు తక్కువైనా నడుస్తది గాని ఎండ తక్కువైతే నడవదు. మన సోలాపూర్ ఎండకు అన్నీ మాడిపోతయి, ఇది మాత్రం వానలు పడంగనే మళ్లీ లేస్తది. అదే గరకను మైదాకు చెట్టు నీడల ఒక సంవత్సరం ఉంచి చూడుండ్రి. సన్నగ, పొడుగ్గ పీక్కొని, వెలుతురు ఎటుంటే అటు వంగి, ఆఖరికి మట్టి కనపడతది. పెద్ద బంగ్లాల ముందు బెర్ముడా గ్రాస్ అని పైసలు పెట్టి వేయించుకునేది కూడా మన గరక జాతినే. వినాయకుడి పూజకు కోసుకునేది, వాళ్లు లాన్ అనేది, రెండూ ఒకటే.

నేను ఇది పుస్తకంల చదువలేదు. నాలుగో తరగతితోనే నా బడి అయిపోయింది. నేను పనిచేసిన మిల్లుల సాయెబు బంగ్లా ముందు లాన్ ఉండేది. దాని మీద మేము కాలు పెట్టొద్దు. షిఫ్టు దిగినంక కంచె బయట కూసొని బీడీ తాగుతుంటే లోపట మాళీ మామ పనిచేసుకుంట మాతోని మాట్లాడేది. మరాఠీ మనిషి. కంచె మొక్కలను ఆయన కోసే తీరు వేరే ఉండేది. కింద వెడల్పు, పైన సన్నం, గుడిసె కప్పు లెక్క. "పైన వెడల్పు ఉంచితే కింది ఆకుకు ఎండ తగలదు, కింద బోడిగైతది, పక్కన గడ్డి గూడ చస్తది" అనేటోడు. మన ఇండ్లల్ల మనం చేసేది సరిగ్గ ఉల్టా. కింద కొమ్మలన్నీ విరిచేస్తం, పైన గొడుగు లెక్క వదిలేస్తం.

ఇగ ఎప్పుడు కొయ్యాలె? మిరుగుకు పది పదిహేను రోజుల ముందు. జూన్ మొదటి వారానికి పని అయిపోవాలె. అప్పుడు కోస్తే వాన పడంగనే కొత్త చిగురు వస్తది. మైదాకైతే ఆషాఢంల ఆడపిల్లల చేతికి లేతాకు దొరుకుతది. మందారం పూసేది కొత్త కొమ్మకే గనుక, కోస్తే పూలు ఎక్కువే గాని తక్కువ గావు. మల్లెను మాత్రం ఇప్పుడు ముట్టొద్దు, దానిది చలికాలం పని. నిండు ఎండల, ఏప్రిల్‌ల ఏ చెట్టునూ బోడి గుండు చెయ్యొద్దు, లోపటి కొమ్మలు కాలిపోతయి. ఒక్కసారికి మూడో వంతు కన్న ఎక్కువ కొయ్యొద్దు. చెట్టు బాగ పెరిగిపోయి ఉంటే రెండు మూడు సార్లుగ కొయ్యుండ్రి.

కత్తెర పదును ఉండాలె. మొద్దు కత్తెరతోని కోస్తే కొమ్మ నలుగుతది, నలిగిన చోట కుళ్లు పడతది. గరక అంచు సాపు చేసేటందుకు నేను మా ఇంటామె బీడీ ఆకు కోసే కత్తెర తీసుకున్న ఒకసారి. ఆ రోజు నాకు అన్నం ఆలస్యంగ దొరికింది. ఆ కత్తెర ఆమె రోజు కూలి. నేను మిల్లుల నా కత్తెరను ఇంకొకరికి ఇచ్చేటోన్ని కాదు, మరి ఆమె ఎందుకు ఇయ్యాలె?

నీళ్ల సంగతి మీకు చెప్పేదేమున్నది. నల్లా నాలుగైదు రోజులకు ఒకసారి వచ్చే ఊరు మనది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు గరకకు చాలు. తాగే నీళ్లు పొయ్యకుండ్రి.

ఇప్పటిదాక చెప్పింది కొయ్యడం. కోసినంక ఏం చెయ్యాలె అన్నది నేను తప్పు చేసి నేర్చుకున్న. రాయాల్నా వద్దా అని రెండు రోజులు ఆలోచన చేసిన.

మా వాకిట్ల ఒక గన్నేరు ఉన్నది, ఎర్రపూలది. నాలుగేండ్ల కింద అది బాగ కమ్ముకొని, గరక సగం చచ్చింది. మిరుగు ముందు కోసిన. కోసిన కొమ్మలను గోడ పక్కన గరక మీదనే కుప్పేసిన. ఘంటాగాడి వచ్చినప్పుడు వేద్దామనుకున్న. ఆ రోజు రాలేదు, మర్నాడు నేను మరిచిన. రెండు రోజుల ఎండకు ఆకు వాడి ఎండింది.

మా పక్కింటి అక్కకు ఒక మేక. ఆమె మొగుడు పోయినంక బీడీలు చేసుకుంట ఇద్దరు పిల్లలను సాకుతున్నది. ఆ మేకను అమ్మి కొడుకు కాలేజీ ఫీజు కట్టాలని సంవత్సరం సంది పెంచుతున్నది. మూడో రోజు సాయంత్రం మేక తాడు తెంపుకొని మా వాకిట్లకు వచ్చింది. పచ్చి గన్నేరు ఆకు చేదు, మేక అంత తొందరగ ముట్టదు. వాడితే ఆ చేదు తెలువదు, కని విషం అట్లనే ఉంటది. ఇది నాకు తరువాత పశువుల డాక్టరు చెప్పిండు. రాత్రికి నోట్ల చొంగ, పారుడు, నిలబడలేకపోయింది. డాక్టరు సూది వేసి "గుండె మీద పనిచేసే విషం, నా చేతిల లేదు" అన్నడు. తెల్లారకముందే పోయింది.

అక్క నన్ను ఒక్క మాట గూడ అనలేదు. అన్నా బాగుండేది.

నెలకు వెయ్యి చొప్పున ఎనిమిది నెలలు ఇచ్చిన. మొదటి నెల ఆమె తీసుకోలేదు, మా ఇంటామె పోయి ఆమె చేతిల పెట్టి వచ్చింది. ఫీజు మాత్రం ఆ సంవత్సరం వడ్డీకి తెచ్చి కట్టింది.

అందుకే చెప్తున్న. మందారం కొమ్మలు మేకకు పెట్టినా ఏం కాదు. గన్నేరు, పచ్చ గన్నేరు మాత్రం కోసిన గంటల సంచిల కట్టి మూతి బిగించుండ్రి. పచ్చిదైనా ఎండుదైనా పశువులకు విషమే. పొయ్యిల పెట్టొద్దు, దాని పొగ గూడ మంచిది కాదు. పాలు చేతికంటితే సబ్బుతోని కడుక్కోవాలె. చిన్నపిల్లలకు ఆ పుల్ల ఆటకు ఇయ్యొద్దు.

గన్నేరు తీసేయలేదా అని అడుగుతరు. తీసేద్దామనే గొడ్డలి పట్టిన. అక్కనే ఆపింది, పూలు పూజకు తనకే కావాల్నట. ఇప్పుడు నేను కత్తెర పట్టి వాకిట్లకు దిగంగనే గోడ అవుతల నుంచి అడుగుతది: "అన్నా, ఇయ్యాల ఏం కోస్తున్నవ్?" గన్నేరు అంటే కొత్త మేకను లోపట కట్టేసి వస్తది, సంచి పట్టుకుంటది.