బండికి సర్వీసింగ్ సరే, శరీరానికో?

మొన్న మా మంథని యువకుడొకడు మిత్రులతో కలిసి మోటారు సైకిళ్లపై లడఖ్ వెళుతున్నానని చెప్పడానికి వచ్చాడు. కొత్త టైర్లు, బ్రేకులు, ఇంజన్ ఆయిలు, అదనపు క్లచ్ వైరు... బండికి చేసిన ఏర్పాట్లన్నీ వివరించాడు. "మరి నీ ఒంటికి ఏం పరీక్ష చేయించావు?" అని అడిగాను. "రోజూ జిమ్‌కు పోత సార్, నాకేమైతది?" అన్నాడు. ఆ మాటకే ఈ జవాబు.

కండబలం వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. 1969లో మన సైనిక వైద్యులు 1,925 మంది భారత సైనికులలో కనిపించిన పర్వత అస్వస్థతను వర్ణిస్తూ పరిశోధన ప్రచురించారు. వారందరూ శిక్షణ పొందిన దృఢకాయులే. వారిని విడిచిపెట్టని కొండ, జిమ్ములో పెంచిన కండలను చూసి జంకుతుందా?

గోదావరి ఒడ్డున ఉన్న మన మంథని సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల ఎత్తు కూడా లేదు. లేహ్ సుమారు 3,500 మీటర్లు, ఖర్దుంగ్‌లా కనుమ 5,359 మీటర్లు. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా 21 శాతమే. కాని వాయుపీడనం ఇక్కడి దానిలో దాదాపు సగం. కనుక ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు కూడా దాదాపు సగమే. ఈ కొరతకు శరీరం సర్దుకోవడానికి రోజులు పడుతుంది.

అందుకే 3,000 మీటర్లు దాటాక, రాత్రి నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యశాస్త్రం చెబుతున్నది. మనాలిలో బయలుదేరి మరునాటి రాత్రికే 4,200 మీటర్లు దాటిన సర్చూలో పడుకోవడం ఈ నియమానికి పూర్తిగా విరుద్ధం. శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్లే మార్గం ఇంతకంటె మేలు. లేహ్ చేరాక కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. "సెలవులు లేవు" అంటారా? చూసే స్థలాలు తగ్గించుకోండి. వారం రోజుల్లో అన్నీ చుట్టిస్తామనే వ్యాపారి మాటలు నమ్మకండి. చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల ఊరటే గాని రక్షణ కాదు.

తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి వెళ్లకండి. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదేమో అనుమానించాలి. నడక తడబడినా, మాట తికమకైనా అది మెదడు వాపు కావచ్చు. తెల్లవారనీ అని ఆగకుండా వెంటనే కిందికి దింపాలి. అటువంటి మనిషి చేతికి బండి ఇవ్వరాదు. అసిటజోలమైడ్ మాత్రలు వైద్యుని సలహాతోనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

మన ఆదిలాబాద్ ప్రాంతపు గిరిజన కుటుంబాలకు మరొక హెచ్చరిక. సికిల్ సెల్ జన్యువు ఒక్కటే ఉండి, ఏ రోగమూ లేనివారికి కూడా అంత ఎత్తులో ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. రక్తపరీక్ష చేయించుకోకుండా బయలుదేరకండి.

సింగరేణి గనిలోకి దిగే కార్మికునికి వైద్యపరీక్షను చట్టమే విధించింది. కొండ ఎక్కే కుర్రవానికి అటువంటి పరీక్ష అడిగేవారు లేరు. తల్లిదండ్రులారా, ఆ అడిగేవారు మీరే కండి. పెట్రోలు ఖర్చెంతో అడిగినట్లే, లేహ్‌లో ఎన్నాళ్లు ఆగుతారో కూడా అడగండి.