చవక ద్రాక్షాసవానికి న్యాయం

1855లో పారిస్ ప్రదర్శనకై బోర్డో ఎర్ర ద్రాక్షాసవాలను ఐదు తరగతులుగా విభజించిన దళారులు ప్రధానంగా చూచినది అంగడిలో వాటికి పలికిన ధరనే. 1973లో మూతోన్ రోత్షీల్డ్‌ను మొదటి తరగతికి చేర్చుట తప్ప, ఆ పట్టికలో చెప్పుకోదగిన మార్పు నేటికీ లేదు. ధరయే రుచికి కొలబద్ద అయినప్పుడు చవక సరకుకు న్యాయమెక్కడ?

2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తెల్ల ద్రాక్షాసవానికి వాసనలేని ఎర్ర రంగు కలిపి ఇవ్వగా, బోర్డోలో ఆ శాస్త్రమే చదువుతున్న 54 మంది విద్యార్థులు దానిని ఎర్రదానికి వాడే మాటలతోనే వర్ణించారు. రంగే ఇంత భ్రమ గొలిపితే, సీసాపై ఘనమైన పేరు ఎంత భ్రమ గొలుపదు?

కనుక సీసాలకు గుడ్డ చుట్టి, పక్కపక్కన ఉంచి రుచి చూడవలె. బోజొలే ప్రాంతపు గామే ద్రాక్ష తేలిక. కొద్దిగా చల్లబరిస్తే పండ్ల పరిమళం విచ్చుకుంటుంది. దక్షిణ రోన్ లోయలోని గ్రెనాష్‌లో ఎండ పక్వతా, మిరియపు ఘాటూ కలవు. కోర్బియేర్ కొండల కారిన్యాన్‌లో పులుపూ వగరూ హెచ్చు. వట్టిగా త్రాగితే మోటు, మాంసపు వంటకానికి మాత్రం చక్కని జోడు.

చవకదెల్ల మంచిదని ఎవరూ అనరు. నీళ్లవలె పలుచనైనదీ, చక్కెరతో లోపం కప్పుకొన్నదీ ఉన్నాయి. వాటిని నిర్మొహమాటంగా తోసివేయవచ్చు. అయితే ఆ తీర్పు రుచి చూచిన తరువాతనే రావలె. గొప్ప పేరులేని కొండవాలున ద్రాక్ష పండించే రైతుకు ఆ మాత్రపు విచారణ దక్కవలదా?