చిన్న ఆటకు ఆటగాండ్రు దొరకుట యెట్లు?

మా పూర్వవిద్యార్థి యొకడు రెండేండ్లు శ్రమించి, ఒంటరిగా నొక వీడియో ఆటను నిర్మించి, గత వేసవిలో విడుదల చేసెను. మాసము గడచినను దానిని కొన్నవారు పదునొకండుగురు. వారిలో నలుగురు బంధువులే. “మాస్టారూ, దీనిని విడిచి వేరు పని చూచుకొమ్మని నాన్నగారు చెప్పుచున్నారు. తమ సలహా యేమి?” అని నన్నడిగెను. వానికి చెప్పిన మాటలనే యిచట వ్రాయుచున్నాను.

పూవు వికసించినచో తుమ్మెదలు తామే వచ్చునందురు. కాని వేలకొలది పూవు లొక్కమారు వికసించిన తోటలో తుమ్మెద దేనిపై వ్రాలును? స్టీమ్ అను అంగడిలో నేడు ఏటేట పదివేలకు మించిన ఆటలు వెలువడుచున్నవి. నూరు డాలర్ల రుసుము చెల్లించి, నిబంధనలకు లోబడినచో నెవ్వరైనను తమ యాట నచట నుంచవచ్చును. ద్వారము తెరచియుండుట వేరు. లోనివారు మనలను గుర్తించుట వేరు.

అట్లని కేకలు వేయుటయు మార్గము కాదు. అమెరికాలోని ఇన్నర్‌స్లాత్ అను చిన్న సంస్థ 2018 లో “అమాంగ్ అస్” అను ఆటను వెలువరించెను. మొదట ఆడువారు బహు కొలదిమంది. అయినను వారిని చులకన చేయక, 2019 లో రెండు క్రొత్త రంగస్థలములను చేర్చిరి. 2020 లో మహమ్మారివలన జనులు ఇండ్లలో నుండగా, తామాడుచు లోకమునకు ప్రత్యక్షముగా చూపు వినోదకారులు దానిని చేపట్టిరి. ఆటగాండ్రు లక్షలుగా వచ్చిరి. అంతట, ప్రకటించిన రెండవభాగమును మానుకొని, ఉన్న యాటనే బాగుచేయ నిశ్చయించిరి. ఇది యదృష్టము కాదా యందురేమో! కొంత యదృష్టమే. కాని అతిథులు వచ్చునాటికి ఆ యింట దీపము వెలుగుచుండెను.

ఎరిక్ బరోన్ అను యువకుడు “స్టార్‌డ్యూ వ్యాలీ” యను సేద్యపు ఆటను నాలుగేండ్లకు పైగా ఒంటరిగా నిర్మించి, 2016 ఫిబ్రవరిలో విడుదల చేసెను. అయితే 2012 లోనే దానిని జనులకు చూపి, వారి యభిప్రాయములను వినుచుండెను. పని ముగిసిన పిదప ఆదరించువారిని వెదకువాడు ఆలస్యము చేసినవాడే.

కావున మా శిష్యునితో నిట్లంటిని: “నాయనా, ముఖపరిచయము లేని యేడుగురు నీ యాటను కొనిరి గదా! వారెందుకు కొనిరో, ఎచట విసిగిరో అడుగుము. ఆ లోపమును దిద్దుము. నీ యాట యెట్టిదో ఒక్క వాక్యములో చెప్ప నేర్చుకొనుము. అప్పు మాత్రము చేయకుము. పగలు జీవనోపాధి చూచుకొని, సాయంకాలము ఒక గంట దీనికిమ్ము. ఫలితము నిశ్చయమని నేను చెప్పజాలను. శ్రద్ధతో చేసిన ఆటలును పెక్కులు మరుగునబడుచున్నవి.”

తలిదండ్రులారా, మొదటి మాసపు లెక్కనుబట్టి బిడ్డల శ్రమకు వెల కట్టకుడు. విద్యార్థులారా, చిన్నవాని యాట మీకు నచ్చినచో దొంగప్రతిని తీసికొనక వెల యిచ్చి కొనుడు. నిజమైన మెప్పు రెండు పంక్తులలో వ్రాయుడు. ఒక స్నేహితునకు చెప్పుడు. అబద్ధపు పొగడ్త వానికి మేలు చేయదు. ఒక్క నిజమైన మాట యెనిమిదవవానిని తేగలదు.