డ్రాఫ్ట్‌లో పేరు రాలేదు.. ఆట ఆగలేదు!

క్యాంపస్ డ్రైవ్ అయిపోయాక సెలెక్టయిన వాళ్ల జాబితా వాట్సాప్ గ్రూపులో వస్తుంది. పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివినా మీ పేరు కనిపించదు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేయాలంటే మనసు రాదు. ఈ ఏడాది మీ పరిస్థితి ఇదే అయితే, జాన్ రాండల్ కెరియర్‌ను ఓసారి చూడమంటాను. అతనాడింది మనకు పెద్దగా పరిచయం లేని ఆట. అయినా మీ సమస్య అతనికి బాగా తెలుసు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రాండల్‌ది డిఫెన్సివ్ టాకిల్ స్థానం. రక్షణ వరుస మధ్యలో నిలబడాలి. ఎదురుగా గోడలా నిలిచిన ఆటగాళ్లను దాటుకెళ్లి, క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే పడగొట్టాలి. దాన్నే శాక్ అంటారు. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం. ఈ స్థానానికి జట్లు సాధారణంగా కొండల్లాంటి మనుషుల్నే వెతుకుతాయి.

రాండల్ టెక్సస్‌లోని మమ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో, పేదరికంలో పెరిగాడు. ముందు ఓ జూనియర్ కాలేజీలో, తర్వాత టెక్సస్ ఏ అండ్ ఐ యూనివర్సిటీలో ఆడాడు. కాలేజీ ఆటగాళ్లను జట్లు వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ దాదాపు మన ప్లేస్‌మెంట్స్ లాంటిదే. 1990లో అది 12 రౌండ్లు జరిగింది. మూడొందలకు పైగా పేర్లు పిలిచారు. రాండల్ పేరు ఒక్క రౌండ్‌లోనూ రాలేదు. అన్న ఎర్విన్ ఆడుతున్న టాంపా బే జట్టుకు వెళ్లి ప్రయత్నిస్తే ‘ఈ సైజు చాలదు’ అన్నారు. రిఫరెన్స్ ఉన్నా పని కాలేదన్నమాట!

చివరికి మిన్నెసోటా వైకింగ్స్ ఛాన్స్ ఇచ్చింది. 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు ఉంటేనే తీసుకుంటామన్నారట. కొద్దిగా తక్కువ కావడంతో బట్టల కింద గొలుసు పెట్టుకుని తూకం ఎక్కాడని చెబుతారు.

ఇది వినగానే ‘అయితే మేమూ రెజ్యూమెలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవచ్చు’ అనుకునేవాళ్లు ఉంటారు. ఆగండి. గొలుసు పని తూకం దగ్గరే అయిపోయింది. మైదానంలో మోసింది అతని కాళ్లూ చేతులే. లేని మూడేళ్ల అనుభవం రాసుకుంటే మాత్రం, చేరిన రోజు నుంచీ వచ్చినట్టు నటిస్తూనే ఉండాలి. వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది. అందుకే రాండల్ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ గొలుసు కథ కాదంటాను.

మరేంటి? మొదటి సీజన్‌లో అతని శాక్‌లు ఎన్నో తెలుసా? ఒక్కటి! రెండో ఏడాది 9.5. 1992లో జాన్ టియర్‌లింక్ అనే కోచ్ వచ్చారు. ఆ ఏడాది నుంచి వరసగా ఎనిమిది సీజన్లు పదికి తగ్గలేదు. 1997లో 15.5 శాక్‌లతో లీగ్ మొత్తంలో మొదటి స్థానం. వైకింగ్స్‌కి 11, సియాటిల్ సీహాక్స్‌కి 3 కలిపి 14 సీజన్లు, 137.5 శాక్‌లు. 2010లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు.

ఇందులో మీరు గమనించాల్సినవి రెండు. ఒకటి, తనకు లేని భారీకాయం కోసం ఏడుస్తూ కూర్చోలేదు. వేగాన్నే ఆయుధం చేసుకున్నాడు. మీకు ఇంగ్లిష్ అంత ధాటిగా రాకపోవచ్చు, కోడింగ్ బాగా వచ్చి ఉండొచ్చు. అయితే ఇంటర్వ్యూలో చూపించాల్సింది మీరు స్వయంగా చేసిన ప్రాజెక్టునే. రెండు, హోంవర్క్. ప్రత్యర్థులను మాటలతో కవ్వించడానికి వాళ్ల వివరాలను మీడియా గైడుల్లో వెతికి మరీ చదివేవాడు. తిట్టడానికే అతను అంత చదివితే, ఉద్యోగం అడగడానికి వెళ్లే మనం కంపెనీ వెబ్‌సైట్ కూడా తెరవకపోతే ఎలా?

ఇంకో మాట కూడా చెప్పాలి. డ్రాఫ్ట్‌లో పేరు రాని వాళ్లంతా రాండల్‌లు కాలేదు. చాలామంది వేరే పని చూసుకున్నారు. కష్టపడితే తప్పకుండా వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఆఫ్ క్యాంపస్ ప్రయత్నాలకు మీ ఇంటి పరిస్థితిని బట్టి ఆరు నెలలో, ఏడాదో గడువు పెట్టుకోండి. ఈలోగా చిన్న కంపెనీలో అవకాశం వస్తే ‘ప్యాకేజీ ఎంత’ అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు ‘నాకు పని నేర్పేది ఎవరు’ అని కూడా అడగండి. ఒక్క శాక్‌తో మొదలైనవాడు అక్కడిదాకా ఎదగడంలో నేర్పిన మనిషి వాటా తక్కువేం కాదు.