పెట్టెలు ఇచ్చిన సర్కారు పూలను కూడా కాపాడాలి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు
తేనెటీగల పెంపకందారులు, కూరగాయ రైతుల సంఘం సమర్పించు వినతిపత్రం

విషయం: చెరువు కట్టలు, కాలువ గట్లు, రోడ్ల పక్కనున్న ప్రభుత్వ భూముల్లో గడ్డిమందు పిచికారీని ఆపించడం, తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకలకు ఆ భూముల్లో మేత, గూడు దక్కేలా చూడటం గురించి.

ఆర్యా,

పువ్వు మీద పురుగు వాలనిదే సొర, బీర, కాకర, దోస, గుమ్మడి, పుచ్చ కాయ కట్టవన్న సంగతిని వ్యవసాయ, ఉద్యాన శాఖలకు సంఘం కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్రపంచంలోని ఆహార పంటల రకాల్లో 75 శాతం దాకా ఎంతో కొంత ఈ జీవాల మీదే ఆధారపడ్డాయని జీవవైవిధ్యంపై అంతర్జాతీయ శాస్త్రీయ వేదిక ఐపీబీఈఎస్ నివేదిక 2016లోనే లెక్క తేల్చింది. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి వేసిన బిబేక్ దేబ్రాయ్ కమిటీ తేనెటీగల పెంపకంపై 2019లో ఇచ్చిన నివేదిక, 2020లో రూ.500 కోట్లతో ప్రకటించిన జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ తమకు తెలిసినవే. వాటిని మళ్లీ వివరించి తమ సమయం తీసుకోకుండా సంఘం నేరుగా అసలు బాధకు వస్తోంది.

ఆ బాధ గడ్డిమందు.

ఏటా వానాకాలం నడుమ చెరువు కట్టలకు, కాలువ గట్లకు, రోడ్డు బర్ములకు జంగిల్ క్లియరెన్స్ పనులు మంజూరవుతాయి. అంచనాల్లో కొడవలి, పార పని అని రాసుంటుంది. కట్ట మీదికి వచ్చేది మాత్రం వీపున పంపు కట్టుకున్న మనిషి. వారం తిరిగేసరికి కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎండిన గడ్డి రంగుకు తిరుగుతుంది. తంగేడు మాడిపోతుంది, గునుగు వాలిపోతుంది. సరిగ్గా అప్పుడే ఊళ్లో ఆడపిల్లలు బతుకమ్మకు పూలు వెతుక్కుంటారు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ రాష్ట్ర పండుగ. రెండింటికీ 2014లో ప్రభుత్వమే ఆ గౌరవం ఇచ్చింది. ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వ నిధులతో, రాష్ట్ర పుష్పం మీద విషం చల్లిస్తుంటే సంఘం ఎవరితో మొరపెట్టుకోవాలి?

ఈగల లెక్కలో ఈ నష్టం ఇంకా పెద్దది. ఎండాకాలం మొదట్లో కానుగ, వేప, నేరేడు పూస్తాయి, చింత ఆ వెనకే వస్తుంది. ఆ నెలల్లో తేనెటీగల పెట్టెలకు మేతకు లోటుండదు. వానలు పడ్డాక చెట్ల పూత అయిపోతుంది, పొలాల్లో పంట ఇంకా పూతకు రాదు. ఆ నడిమి కాలాన్ని దాటించేవి తుమ్మి, పల్లేరు, గడ్డిచామంతి, వెంపలి, తంగేడు. కాగితాల మీద ఇవన్నీ పిచ్చి మొక్కలే. పెంపకందారుకు మాత్రం ఆ రెండు మూడు నెలల బతుకు వీటి మీదే ఉంది. కట్ట మాడిన ఊళ్లలో సభ్యులు చక్కెర పాకం పోసి పెట్టెలను నిలబెట్టుకుంటున్నారు. పాకం కొనే శక్తి లేనివారి పెట్టెలు ఖాళీ అవుతున్నాయి. ఆ పెట్టెల్లో సబ్సిడీ మీద వచ్చినవీ ఉన్నాయని గమనించ ప్రార్థన.

నష్టం పెట్టెల్లోని తేనెటీగలకే కాదు. తంగేడు పువ్వులో పుప్పొడి పైకి కనిపించదు. కేసరాల చివరనున్న సన్నటి రంధ్రాల్లోంచి రావాలి. గండు తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలను గట్టిగా అదిరిస్తేనే అది రాలుతుంది. వంగ, టమాట పూలకూ ఇలాంటి అదురే మేలు చేస్తుంది. ఇవి తేనెటీగ సరిగా చేయలేని పనులు. తుమ్మెద ఎండు కొయ్యను తొలిచి గూడు పెడుతుంది. ప్రపంచంలో 20 వేలకు పైగా ఉన్న ఈగ జాతుల్లో ఎక్కువ భాగం పట్టులో ఉండేవి కావు, నేలలో బొరియ చేసుకుని ఒంటరిగా బతికేవి. వాటికి దున్నని నేల కావాలి. ఏ ఊళ్లోనైనా దున్నకుండా మిగిలింది చెరువు కట్ట, కాలువ గట్టు, బాట అంచు, బంజరు. అన్నీ ప్రభుత్వానివే. అందుకే సంఘం రైతు పొలం దగ్గర కాక తమ గడప దగ్గర నిలబడి అడుగుతోంది.

ఇక తేదీలు. గడ్డిమందు చెడుకు ఆధారాలేవని కింది కార్యాలయాల్లో పదే పదే అడుగుతున్నందున ఇక్కడ రాయక తప్పడం లేదు.

2015 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం గడ్డిమందు గ్లైఫోసేట్‌ను మనుషుల్లో క్యాన్సర్‌కు బహుశా కారణం కాగల మందుల జాబితాలో చేర్చింది. 2018 వానాకాలంలో అనుమతి లేని పత్తి విత్తనాల గొడవ ముదిరినప్పుడు తెలంగాణ ప్రభుత్వమే ఈ మందు అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ మందు తేనెటీగ పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులను దెబ్బతీస్తుందని, ఆ ఈగలు రోగాలకు తేలిగ్గా లొంగిపోతాయని ప్రచురించారు. 2020 జులైలో కేంద్ర వ్యవసాయ శాఖ ఈ మందు వాడకాన్ని పరిమితం చేసే ముసాయిదా తెచ్చింది. 2022లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయం నుంచి మరో పరిశోధన వచ్చింది. మేత కరువైన వేళ ఈ మందు తగిలిన బంబుల్ ఈగలు పిల్లల గదులను వెచ్చగా ఉంచుకోలేకపోతున్నాయని అది చూపింది. మేత కరువు, మందు రెండూ కలిసి వచ్చినప్పుడే దెబ్బ తగిలిందన్నది ఇందులో ముఖ్యం. చెరువు కట్ట మీద జరుగుతున్నది అదే: మందు పడుతుంది, దాంతోపాటే మేత పోతుంది. చివరికి 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. శిక్షణ, లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ గ్లైఫోసేట్ వాడరాదని అందులో ఉంది.

కట్ట మీద పంపు కట్టుకుని తిరిగే దినకూలీకి ఏ లైసెన్సు ఉంది? చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. డబ్బాలు కడిగేది అదే చెరువులో. ఆ నీళ్లు తాగేది ఊరి గొడ్లు.

మందు లేబుల్ ప్రకారం తేయాకు తోటల్లోనూ పంట లేని భూముల్లోనూ వాడుకోవచ్చని కాంట్రాక్టర్లు జవాబు చెబుతున్నారు. కట్ట మీద పంట లేకపోవచ్చు గాని కట్ట కింద ఆయకట్టు ఉంది, పక్కన కూరగాయ మళ్లున్నాయి, ఎదురుగా పెట్టెలున్నాయి. లేబుల్‌లోని ఆ ఒక్క మాట పట్టుకుని ఊరి ఉమ్మడి భూమినంతా మాడ్చే హక్కు ఎవరికీ రాదని సంఘం అభిప్రాయం.

ఈ సంగతి తమ కార్యాలయానికి చేరడం మొదటిసారి కాదు. ప్రజావాణిలో అర్జీ పెట్టుకుంటే రసీదు ఇచ్చి పంచాయతీ శాఖకు రాశారు. కట్ట తమది కాదు, నీటిపారుదల వారిదని అక్కడ అన్నారు. వారు రోడ్ల వారి పేరు చెప్పారు. రోడ్ల వారు కాంట్రాక్టు పత్రం చూపించి, మందు వాడమని తామెక్కడా రాయలేదన్నారు. వాడొద్దని రాయమని అడిగితే పైనుంచి ఆదేశం కావాలన్నారు. ఆ ఆదేశం కోసమే సభ్యులు మళ్లీ అర్జీ పెట్టుకున్నారు. గుర్తు చేస్తూ ఇంకోటి ఇచ్చారు. ఇచ్చిన ప్రతిదానికీ ముద్ర పడింది, ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు. తమకున్న పనుల ఒత్తిడి సంఘానికి తెలుసు, తమ మీద గౌరవమూ ఉంది. కానీ ఒక అర్జీకీ ఇంకో అర్జీకీ నడుమ ఒక పూతకాలం పోతోంది. ఆ పూతకాలం మళ్లీ తెచ్చి ఇవ్వడం ఏ శాఖ వల్లా కాదు.

కట్టను అడవిలా వదిలేయమని సంఘం ఎన్నడూ కోరలేదు. తుమ్మ, సర్కారు తుమ్మ పెరిగితే వేళ్ల వెంట నీరు ఊరుతుందని, గండి ఎక్కడ పడుతుందో ఇంజనీర్లకు కనిపించాలని సభ్యులకు తెలుసు. వారిలో చాలామంది ఆయకట్టు రైతులే. 2015లో మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టినప్పుడు కట్టల మీద మట్టి పోసింది వారి చేతులే. తూము, అలుగు, రోడ్డు మలుపు, సూచిక బోర్డుల దగ్గర కోయాల్సిందే. ఆ కోతను ఉపాధి కూలీల చేత కొడవలితో చేయిస్తే చాలు. పొదలను వేళ్లతో పెకలించవచ్చు. మిగతా చోట తంగేడు, గునుగు, తుమ్మి పూసి విత్తనం రాల్చేదాకా, అంటే బతుకమ్మ దాటేదాకా ఆగాలి. ఊరివాళ్లకు కూలి దొరుకుతుంది, కట్టా నిలుస్తుంది.

నాటే మొక్కల సంగతి కూడా కొంత చెప్పాలి. 230 కోట్ల మొక్కల లక్ష్యంతో 2015లో మొదలైన హరితహారం ఇప్పుడు వనమహోత్సవంగా నడుస్తోంది. 2018 పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ బడ్జెట్‌లో పదో వంతును పచ్చదనానికి కేటాయించింది, నాటినవాటిలో 85 శాతం బతకాలని సర్పంచి, కార్యదర్శి మీద బాధ్యత పెట్టింది. ఊరూరా నర్సరీ ఉంది, పల్లె ప్రకృతి వనం ఉంది. దేశంలో చాలా రాష్ట్రాలకు లేని బలమిది, సంఘం దీన్ని మనసారా మెచ్చుకుంటోంది. అయితే ఎన్ని బతికాయన్న లెక్కే తప్ప ఏవి బతికాయన్న లెక్క లేదు. డివైడర్ల నిండా కోనోకార్పస్ నాటారు. దాని పుప్పొడి గాలికి ఎగురుతుంది. 2022లో ప్రభుత్వమే ఆ మొక్కను నర్సరీల్లో పెంచొద్దని చెప్పింది. నాటినవి అలాగే ఉన్నాయి. వాటి స్థానంలో కానుగ, నేరేడు, కుంకుడు, మద్ది, రేగు, మునగ, ఉసిరి పెట్టమని, ఏడాది పొడవునా ఏదో ఒకటి పూసేలా నెలలవారీ జాబితా తయారు చేసి నర్సరీలకు పంపమని మనవి. తేనెటీగలకు పనికొచ్చే మొక్కలు నాటి, వాటి సంరక్షణ మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించాలని దేబ్రాయ్ కమిటీ 2019లోనే చెప్పింది. మన జిల్లాలో సంఘాలూ ఉన్నాయి, వనాలూ ఉన్నాయి.

మరికొన్ని చిన్న మనవులూ ఉన్నాయి. నీళ్ల ట్యాంకులు, వంతెనలు, బడుల మీద పెట్టిన పెద్ద తేనెటీగల తుట్టెలను రాత్రిపూట కాల్పిస్తున్నారు. అవి వలస ఈగలు, కాలం తీరగానే వాటంతటవే లేచిపోతాయి. జనం తిరిగే చోట తెలిసినవారి చేత తీయించి, మిగతా చోట హెచ్చరిక బోర్డు పెట్టిస్తే సరిపోతుంది.

దోమల పొగ సాయంత్రం పూట కూరగాయ మళ్ల పక్క నుంచి పోతోంది. బీర, సొర పూలు విచ్చేదీ, వాటి మీద పురుగు వాలేదీ ఆ వేళే కాబట్టి మళ్ల పక్కన యంత్రం ఆపించాలి.

2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా కమిటీలున్నాయి, రిజిస్టర్లున్నాయి. వాటిలో ఈగల గూళ్లు, తుట్టెలు కట్టే చెట్లు రాయించాలి.

పూతను బట్టి పెట్టెలతో ఊళ్లు మారే పెంపకందారులను అటవీ అంచుల్లో, కాలువ గట్ల మీద దిగనివ్వడం లేదు. ఉచిత అనుమతి పత్రం ఇప్పించాలి.

ఇలాంటివి ఎక్కడైనా చేశారా అని ఒక అధికారి అడిగారు. అమెరికా అధ్యక్షుడు 2014 జూన్‌లో సమాఖ్య ప్రభుత్వ శాఖలన్నిటికీ ఈ జీవాలను కాపాడాలని ఆదేశం ఇచ్చారు. మరుసటి ఏడాది 70 లక్షల ఎకరాల మేత భూమిని బాగుచేసే లక్ష్యం పెట్టుకున్నారు. ఐర్లండ్‌లో 2015 నుంచి నడుస్తున్న పథకం కింద స్థానిక సంస్థలు రోడ్ల పక్క గడ్డి కోతను తగ్గించి పూలను పూయనిస్తున్నాయి. అంత దూరం పోనక్కర్లేదు, మన సిక్కిం రసాయన మందులే లేని రాష్ట్రంగా 2016లో నిలిచింది. సంఘం అడుగుతున్నది అందులో ఎన్నో వంతూ కాదు.

ఈగలు తగ్గితే వాటి పని మనుషుల మీద పడుతుంది. పొద్దుతిరుగుడు పూతకొచ్చినప్పుడు ఉదయంపూట మెత్తటి గుడ్డతో పువ్వును రుద్దమని వ్యవసాయ శాఖే రైతులకు సలహా ఇస్తుంది. ఈగ ఉచితంగా చేసే పనికి రైతు కూలి చెల్లిస్తున్నాడు. గుమ్మడి, కాకర రైతులు తెల్లవారక ముందే మళ్లలోకి దిగి మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రాస్తున్నారు. పొద్దెక్కితే పువ్వు ముడుచుకుంటుంది. సంఘంలోని ఆడవాళ్లు పిల్లలను బడికి పంపే వేళను ఈ పనికి ఇస్తున్నారు. ఈ శ్రమ ఏ శాఖ లెక్కలోనూ లేదు.

కావున, జిల్లాలోని ప్రభుత్వ భూముల్లో ఏ పనికైనా గడ్డిమందు వాడరాదని, వాడితే బిల్లు ఆపుతామని ప్రతి కాంట్రాక్టు పత్రంలో రాసేలా అన్ని శాఖలకూ కలిపి తమ సంతకంతో ఒకే ఉత్తర్వు ఇవ్వవలసిందిగా సంఘం కోరుతోంది. ఆ ఉత్తర్వు వానాకాలపు పనులు మంజూరయ్యే లోపు రావాలి. బతుకమ్మ ముందు వస్తే ఈ ఏటి పూత అప్పటికే పోయుంటుంది. పంచాయతీ, నీటిపారుదల, రోడ్లు, ఉద్యాన, అటవీ శాఖల అధికారులను ఒకే రోజు ఒకే గదిలో కూర్చోబెట్టి, సంఘం ప్రతినిధులను కూడా పిలవవలసిందిగా ప్రార్థన. ఈసారి రసీదుతోపాటు జవాబు ఇప్పించమని వేడుకోలు.

ఇట్లు,
సంఘం అధ్యక్షులు, కార్యదర్శి, సభ్యులు

ప్రతులు: జిల్లా పంచాయతీ అధికారి, జిల్లా వ్యవసాయ అధికారి, జిల్లా ఉద్యాన అధికారి, జిల్లా అటవీ అధికారి, నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖల ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లకు. గతంలో ఇచ్చిన అర్జీల రసీదుల నకళ్లు జతపరచడమైనది.